కొంగ కట్టించుకున్న ఈగ

పెద్దకాలువ లాకులు దాటి కాస్త దిగువకి వస్తే, గట్టు మీంచి నీళ్ల మీదికి ఒరిగిపోయిన తుమ్మచెట్టు ఒకటి కనిపిస్తుంది. దాని చివరి కొమ్మకి రెండు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. ఒకటి ఇల్లు, రెండోది కొట్టు. ఆ కొట్లో అమ్మేది ఈగలు. ముక్కు చిట్లించకండి, నిజం ఈగలు కావు. మనుషులు కట్టుడు పళ్లు పెట్టించుకున్నట్టే ఇవి కట్టుడు ఈగలు. చేపల్ని మభ్యపెట్టడానికి నారతో, ఈకలతో, బొచ్చుతో కట్టినవి.

కొట్టు గిజిగాడు నారయ్యది. అది వ్యాపారం చేద్దామని పెట్టింది కాదు. గిజిగాడికి గూడు కట్టడం వానాకాలం పని, మిగతా ఏడాదంతా ముక్కు ఊరికే ఉండదు కదా. ఓ ఎండాకాలం సాయంత్రం ఊసుపోక, రాలిపోయిన కోడిపుంజు మెడ ఈక ఒకటి తెచ్చి, తాటినార పోగుతో గడ్డిపరక చుట్టూ చుట్టి నీళ్లలోకి వదిలాడు. అది అచ్చం రెక్కలు తడిసిన ఈగలా తేలింది. కింద నుంచి ఓ చేప వచ్చి గుటుక్కున మింగి, మోసం తెలిసి అంతే వేగంగా ఉమ్మేసింది. ఈ తమాషా పక్క కొమ్మ మీది లకుముకి పిట్ట కంటపడింది. అలాంటిది తనకీ ఒకటి కట్టిపెట్టమంది. ఆ వెనకాలే నీటికుక్కలు వచ్చాయి, బావురుపిల్లి వచ్చింది. వాళ్లకి తుమ్మముల్లు గాలంగా పెట్టి కట్టిచ్చాడు. సరదా కాస్తా కొట్టయి కూర్చుంది.

మరి చేపల గోడు ఎవరికీ పట్టదా అని నన్ను నిలదీయకండి. ఈ కథలో చేపల్ని నేను మాట్లాడనివ్వను. అవి నోరు విప్పితే రేపు మీకూ నాకూ పులుసు గొంతు దిగదు.

కొట్లో ఇంటిల్లిపాదికీ పని ఉండేది. గిజిగాళ్ల ఇళ్లలో కట్టేది మగాడు, చూసి ఒప్పుకోవలసింది ఆడది. గూడు నచ్చకపోతే మొహమాటం లేకుండా పీకించి మళ్లీ కట్టిస్తుంది. నారయ్య భార్య నూకాలు ఈగల విషయంలోనూ అంతే. ముడి వదులుగా ఉందందంటే విప్పాల్సిందే. పిల్లలిద్దరూ గూటి గొట్టంలోంచి తలలు బయటికి పెట్టి రంగులు ఏరి ఇచ్చేవాళ్లు. పాలపిట్ట నీలం, నెమలి పచ్చ, ముళ్లకంపకి చిక్కుకున్న కుందేలు బొచ్చు. ఏ ఈకైనా రాలినదే ముట్టుకోవాలి, పీకినది ఇంటి గడప తొక్కకూడదని నూకాలు పెట్టిన కట్టుబాటు. కొనేవాళ్లు కూడా బదులుగా రాలిన ఈకలే తెచ్చి ఇచ్చేవాళ్లు.

ఇక కప్ప అప్పలకొండ గురించి చెప్పాలి. చెట్టు మొదట్లో, వేళ్ల సందున ఉంటాడు. నూకాలుని చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి నారయ్యకి బావ వరస. కొట్టు మొదలైన కొత్తలో నారయ్య ముక్కులోంచి జారిన ఈగని గాల్లోనే నాలుకతో లాగి మింగబోయి, ఉక్కిరిబిక్కిరై కక్కేశాడు. పరువు దక్కించుకోవాలిగా, కాసేపు కళ్లు మూసుకుని, "రూపం బాగుంది, రుచి లేదు" అని తీర్పు చెప్పాడు. ఆనాటి నుంచి అతనే కొట్టుకి పరీక్షాధికారి. ముల్లు పెట్టక ముందు ప్రతి ఈగనీ అతని ముందు ఆడించేవాళ్లు. అప్పలకొండ దూకితే సరుకు పాసైనట్టు, దూకకపోతే విప్పేసినట్టు. పరీక్ష లేకుండా ఆ కొట్లోంచి ఈగ బయటికి పోదని కాలువంతా తెలుసు.

అలా హాయిగా సాగుతుండగా ఓ మధ్యాహ్నం ధవళయ్య గారు వేంచేశారు. ధవళయ్య గారంటే కొంగ. ఆయన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటే ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపిస్తుంది. దణ్ణం పెట్టడానికి మరీ దగ్గరికి వెళ్లినవాళ్లు మాత్రం తిరిగి ఇంటికి రాలేదు.

"నారయ్యా, నీ పనితనం గురించి చాలా విన్నానోయ్."

"తమ దయ అయ్యగారూ."

"నీళ్ల మీద తేలే ఈగ ఎవరైనా కడతారు. ఒడ్డు మీద కూర్చునే ఈగ కట్టగలవా? ఆకు మీద ఉండాలి. తాడు లాగేవాడు లేకుండా, గాలికి తనంతట తానే కదలాలి."

నారయ్య అక్కడే పడిపోయాడు. పనివాడికి వల వెయ్యడానికి వేరే ఎర ఏమీ అక్కర్లేదు, కట్టగలవా అని ఒక్క మాట అంటే చాలు. ఎవరి కోసం, ఎందుకు అని అడగాలన్న ఆలోచనే రాలేదు. ముల్లు గట్టిది కావాలన్నాడు కొంగ, వెడల్పు నోటికి సరిపోవాలన్నాడు, తాడు బారుగా ఉండాలన్నాడు. అన్నిటికీ నారయ్య చిత్తం చిత్తం అంటూ తలాడించాడు. అప్పటికే బుర్రలో రెక్కలు అతుకుతున్నాడు.

వెళ్తూ వెళ్తూ ధవళయ్య గారు మెడ సాచి గూటి వైపు చూశారు. పిల్లలకి రెక్కలొచ్చినట్టున్నాయే అన్నారు. ఎగిరే రోజు కబురు పెడితే తను కింద నిలబడి చూసి ఆనందిస్తానన్నారు. నారయ్యకి అది పెద్దమనిషి మర్యాదలాగే వినిపించింది.

ఇక తిండీ నిద్రా లేవు. కట్టడం, విప్పడం, కట్టడం, విప్పడం. ఎలా కట్టినా ఆకు మీద పెట్టేసరికి ఈగ చచ్చినట్టు పడుండేది. చివరికి ఏమీ పాలుపోక అప్పలకొండనే సలహా అడిగాడు. పెద్దకాలువ చరిత్రలో ఇంతకన్నా తెలివితక్కువ పని జరగలేదని నా అభిప్రాయం. కానీ అడిగినవాడికీ ఆ సంగతి తెలీదు, చెప్పినవాడికీ తెలీదు.

అప్పలకొండ ఉబ్బిపోయాడు. గొంతు సవరించుకుని వివరంగా చెప్పుకొచ్చాడు. ఈగ కడుపు కింద కొంచెం పసుపు తగలాలట. ఒక రెక్క విరిగినట్టు పక్కకి వాలాలట, బాగున్న ఈగ ఎగిరిపోతుందేమోనన్న అనుమానం ఉంటుంది గానీ రెక్క విరిగిన ఈగని చూస్తే మనసు ఆగదట. అన్నిటికన్నా ముఖ్యం, అది ఊరికే కదిలిపోకూడదు. ఒకసారి వణికి, ఆగి, తినేవాడు మర్చిపోయే లోపల మళ్లీ ఒకసారి వణకాలి. నారయ్య ప్రతి మాటా మనసులో పెట్టుకున్నాడు. కోడిపుంజు మెడ ఈకలోంచి సన్నటి పోగు ఒకటి తీసి విరిగిన రెక్క కింద దూర్చాడు. పిల్లగాలి తగిలితే చాలు, రెక్క వణికి ఆగేది.

ఈగ పూర్తయిన సాయంత్రం దాన్ని ఆకు మీద పెట్టి నూకాలుని పిలిచాడు. ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. ముడి లాగి చూసింది. రెక్క వణకడం చూసి ఆవిడే ఉలిక్కిపడింది.

"బాగుంది" అంది. నూకాలు నోట ఆ మాట రావడం సామాన్యం కాదు. నారయ్య ఛాతీ పొంగింది. ఆవిడ ఇంకా ఈగనే చూస్తూ అడిగింది.

"ఇంతకీ దీన్ని ఏ చేప తింటుంది?"

నారయ్య ఈగ వైపు మళ్లీ చూశాడు. ఒడ్డు మీద ఆకెక్కి కూర్చున్న ఈగని తినడానికి ఏ చేప వస్తుంది? ఆకుల మీద ఈగల కోసం ఎవరు కాచుకుంటారు? వెడల్పు నోరు ఎవరికుంది? ఒక్కొక్కటే అర్థమవుతుంటే ఒళ్లు చల్లబడిపోయింది. చెట్టు మొదట్లో అప్పలకొండ ఏదో కూనిరాగం తీసుకుంటున్నాడు.

"మా అన్నని చంపడానికి మా అన్ననే అడిగి కట్టావు కదయ్యా" అంది నూకాలు.

నారయ్యకి ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు ఈగని పీకి పారేస్తానన్నాడు. నూకాలు ఆపింది. కొంగ రేపు పొద్దున్నే వస్తాడు. ఈగ లేదంటే ఊరుకుంటాడా? పిల్లలు ఎగరబోతున్నారని చూసి మరీ వెళ్లాడు. తొలిసారి ఎగిరే పిల్లలు నీళ్లలో పడడం మామూలే, కింద ఎవరు నిలబడి ఉంటారన్నదే భయం. ఆ మర్యాద మాటలో ఉన్న బెదిరింపు నారయ్యకి అప్పుడు అర్థమైంది.

ముందు అప్పలకొండకి సంగతి చెప్పాలి. ఈగని ఆకుతో సహా పట్టుకుని ఇద్దరూ కిందికి దిగి చెప్పారు. అతను పగలబడి నవ్వాడు.

"నన్నా? కట్టుడు ఈగతోనా? ఈ కాలువలో ఈగల పరీక్షకుడినే నేను కదా బావా. అది ఎలా కడతారో, ఏ ఈక ఎక్కడ పెడతారో అన్నీ తెలిసినవాణ్ణి. పైగా దీని నమూనా చెప్పింది ఎవరు? నేనేగా. తెలిసి తెలిసి నేనెందుకు…"

గాలి తగిలింది. నారయ్య ముందున్న ఆకు మీద రెక్క వణికి ఆగింది. అప్పలకొండ మాట మింగేశాడు. రెక్క మళ్లీ వణికింది. ఈగ అప్పలకొండ నోట్లో ఉంది.

అతను ఈగని మెల్లగా బయటికి తీసి, తడిసిన రెక్క సరిచేసి ఆకు మీద పెట్టాడు. ఇందాకటి నవ్వు మొహంలో లేదు. అందులో అప్పటికి ముల్లు పెట్టకపోవడం ఒక్కటే అతని అదృష్టం.

"ఇప్పుడేం చేద్దాం బావా?" అన్నాడు చిన్న గొంతుతో.

నారయ్య ఆ ఈగ వంకే చూస్తూ కూర్చున్నాడు. అన్నీ తెలిసిన అప్పలకొండే ఆగలేకపోయాడు. ఈగ సంగతి తెలిసినంత మాత్రాన ఆకలి ఊరుకోదన్నమాట. మరి కొంగ మాత్రం ఈగలు తినడా? పొలం దున్నుతుంటే నాగలి వెనకాల పడి పురుగుల్ని ఏరుకు తినేది ఎవరు? మెడ సాచడానికి ఆలోచన కూడా అడ్డం రాదే ఆయనకి. ఈ మాట చెప్పగానే నూకాలు భర్త మొహం వైపు చూసింది. ఇంక వేరే ఏం చెప్పక్కర్లేకపోయింది.

ముల్లు మానేశారు. దాని బదులు ఈగని చెట్టు మొదట్లో నీటి అంచున ఆకు మీద పెట్టి, చుట్టూ తాటినారతో ఒక ఉరి పరిచి, పైన సన్నటి నాచు కప్పారు. ఆ ఉరికి వేసింది గూడు మొదలుపెట్టేటప్పుడు గిజిగాళ్లు కొమ్మకి వేసే ముడి. గాలి ఎంత లాగితే అంత బిగుస్తుంది. దాని గుట్టు ఒకటే ఉంది: లాగకుండా నీళ్లలో బాగా నాననిస్తే తనంతట తానే జారిపోతుంది. తాడు రెండో కొస తుమ్మవేరుకి కట్టేశారు. నూకాలు ముడిని లాగి చూసింది, విప్పించింది, మళ్లీ కట్టించింది.

తెల్లారేసరికి ధవళయ్య గారు మోకాలి లోతు నీళ్లలో ప్రత్యక్షం. అప్పలకొండ వేళ్ల సందున ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అతను దొరికిపోతే ఈ ఎత్తంతా బూడిదలో పోసినట్టే.

"తయారైందా?"

"తయారైంది అయ్యగారూ. ఒక్క మనవి. పరీక్ష లేకుండా సరుకు ఇవ్వడం మా కొట్లో లేదు. మా పరీక్షకుడు ఇవాళ ఊళ్లో లేడు. తమరే ఒకసారి చూసుకుని బాగుందనాలి."

కొంగకి నవ్వొచ్చింది. పరీక్షకుడు ఊళ్లో లేకపోతే నష్టమేమీ లేదని, తిరిగొచ్చాక వాడికీ తీరిగ్గా చూపిస్తానని అన్నాడు. ఆ మాట వేళ్ల సందులోకి స్పష్టంగా వినిపించింది. అప్పలకొండ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కొంగ దగ్గరికి వచ్చి, తల పక్కకి వాల్చి ఒంటికన్నుతో ఈగని చూశాడు. గాలి లేదు. ఆకు కదల్లేదు, రెక్క కదల్లేదు. కడుపు కింద పసుపు బాగుందన్నాడు కొంగ. రెక్క వాల్చడం బాగుందన్నాడు. ఒక్కొక్కటే మెచ్చుకుంటుంటే నారయ్యకి చెమటలు పట్టాయి. ఈయన పరీక్ష ముగించి ముక్కు చివరతో తాడు పట్టుకుని లాగాడంటే ఉరి బయటపడుతుంది. పైన గూటి గొట్టంలోంచి పిల్లలు చూస్తున్నారు.

"పని బాగానే చేశావు నారయ్యా. అయితే చూస్తే ఇది నిజం ఈగ కాదని తెలిసిపోతూనే ఉంది. ఎవడో వెర్రివాడు తప్ప దీన్ని చూసి…"

కాలువ మీంచి పిల్లగాలి వచ్చింది. రెక్క వణికి ఆగింది. కొంగ మాట ఆగింది. రెక్క మళ్లీ వణికింది.

మెడ ఎప్పుడు సాగిందో ఎవరికీ కనిపించలేదు. ఈగ ముక్కులో ఉంది, ముక్కు చుట్టూ ఉరి ఉంది. కొంగ అదిరిపడి వెనక్కి లాగాడు, ముడి బిగిసింది. రెక్కలు కొట్టుకుంటూ ఎగరబోయాడు, ఇంకా బిగిసింది. ఎన్ని చేపల్ని, ఎన్ని కప్పల్ని పట్టిన ముక్కో అది, ఇప్పుడు గడ్డిపరక దూరేంత కూడా తెరుచుకోలేదు.

నారయ్య కొమ్మ మీద కూలబడ్డాడు. ఒక్కసారిగా ఇంత గాలి గుండెల్లోకి వచ్చినట్టయింది. నూకాలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. కింద అప్పలకొండ వేళ్ల సందులోంచి బయటికి వచ్చాడు. కాలువ పుట్టిన దగ్గర్నుంచి కొంగ మొహాన్ని ఇంత దగ్గర్నుంచి చూసి బతికి ఉన్న కప్ప తనేనని అతనికి ఆ క్షణంలో తట్టింది.

"అయ్యగారూ, రూపం ఎలా ఉంది?" అని అడిగాడు.

అయ్యగారు గుర్రుమనడానికి కూడా నోరు తెరవలేకపోయారు.

నూకాలు కిందికొచ్చి ఆ ముడి గుట్టు చెప్పింది. వేరుకి కట్టిన కొసని తను విప్పేస్తుందట. ముక్కుకున్న ముడి మాత్రం ఎవరూ విప్పరు. ముక్కు నీళ్లలో ముంచి, అటూ ఇటూ లాగకుండా, కదలకుండా నిలబడితే నార నాని అదే జారిపోతుంది. ఒక్కసారి విదిలించినా మళ్లీ మొదటికొస్తుంది. ఇన్నాళ్లూ కదలకుండా నిలబడడం తమకి అలవాటేగా అంది.

ధవళయ్య గారికి వేరే దారి లేకపోయింది. ముక్కు నీళ్లలో పెట్టి, ఒంటికాలి మీద నిలబడ్డారు. ఎండెక్కింది. చేపలు ఒక్కొక్కటే వచ్చి ముక్కు చివరను ముద్దాడి వెళ్లాయి. ఓ పెద్ద కొర్రమీను తీరిగ్గా ముక్కు పక్కనుంచే ఈదుకుంటూ పోయేసరికి ఆయన ఆగలేక విదిలించారు, ముడి బిగిసింది, మళ్లీ మొదటి నుంచి నిలబడ్డారు. ఈ కబురు కాలువంతా పాకింది. లకుముకి పిట్టలు కొమ్మ నిండా చేరాయి. నీటికుక్కలు పిల్లాపాపలతో గట్టెక్కి కూర్చున్నాయి. ఊళ్లో అందరూ ఆయన తపస్సు అనుకునేది ఎన్నడూ తపస్సు కాదు. ఆ రోజు మాత్రం నిజంగానే చేశారు, అదీ పస్తుండి.

పొద్దు వాలుతుండగా ముడి జారింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా లేచి, కాలువ దాటి, పొలాలు దాటి వెళ్లిపోయారు. అవమానం పడిన చోట కొంగ వేట సాగదు, ఎందుకంటే అక్కడ ఇంకెవరూ ఆయన్ని నమ్మి దగ్గరికి రారు. పెద్దకాలువ వైపు ఆయన మళ్లీ రాలేదు.

ఆ మర్నాడు పిల్లలు ఎగిరారు. పెద్దది సూటిగా అవతలి గట్టుకి వెళ్లిపోయింది. చిన్నది సగం దూరంలో రెక్కలు తడబడి గుర్రపుడెక్క ఆకుల మీద పడింది. నారయ్య ప్రాణం ఒక్క క్షణం ఎగిరిపోయింది. అయితే కింద నీళ్లలో తెల్లటి కాళ్లు లేవు. చిన్నది తనే లేచి, ఈకలు దులుపుకుని, తిట్టుకుంటూ ఎగిరింది. నూకాలు భర్త భుజానికి తల ఆనించింది.

సాయంత్రం అప్పలకొండ చెట్టు మొదట్లో కూర్చుని ఉంటే నారయ్య దిగి పక్కన వాలాడు.

"బావా, ఆ వేళ్ల సందున కూర్చున్నప్పుడు నాకు చచ్చేంత భయమేసింది. నువ్వు ఆ ముడి సరిగ్గా వేశావో లేదోనని కాదు. రెక్క వణికితే నేనే బయటికి దూకేస్తానేమోనని."

"నాకూ భయమేసింది బావా. కట్టింది నేనే కదా" అన్నాడు నారయ్య. "నీకు ఏమన్నా అయ్యుంటే నేను మళ్లీ ముక్కుతో పోగు పట్టేవాణ్ణి కాదు."

తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. కారణం లేకుండానే చాలాసేపు నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి కొట్టుకి ఎవరొచ్చి ఏ ఈగ అడిగినా, నారయ్య పోగు ముట్టుకునే ముందు అది ఎవరి నోటికో అడిగేవాడు.

ఇందులో నీతి ఏమిటంటారా? ఎదుటివాడి ఆకలికి కొలత తీసి ఎర కట్టించేవాడు, తన ఆకలిని ఇంట్లో వదిలి రావాలి. ఆ పని ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.